తన తీర్పు మీద తానే అప్పీలుకు వెళ్ళిన న్యాయమూర్తి

విశ్రాంత సెషన్స్ న్యాయమూర్తి చంద్రమౌళి గారు దివంగతులయ్యారని డాక్టర్ జయానందం గారు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను తెనాలి కోర్టు వరండాలో నిలబడి ఒక కక్షిదారుకు వాయిదా తేదీ చెబుతున్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే కుర్చీలో పక్కకు ఒరిగిపోయారట. ఇంట్లోవాళ్ళు కునుకు పట్టిందనుకున్నారట. విన్నాను, సరేనన్నాను. వాయిదా తేదీ మళ్ళీ మొదటినుంచి చెప్పబోయి చెప్పలేకపోయాను. ఎదుటి మనిషి, "ఎవరన్నా పోయారామ్మా?" అని అడిగాడు. అవునన్నాను. మీవాళ్ళా అన్నాడు.

ఆయన నాకేమవుతారు? బంధువు కారు, గురువు కారు. ఆయన బెంచీ మీద ఉన్న రోజుల్లో ఎదుట నిలబడి వాదించిన అనేకమంది న్యాయవాదుల్లో నేనొకతెను. నా కక్షిదారైన ఒక నిరపరాధికి ఆయన యావజ్జీవ కారాగార శిక్ష విధించారు. కొంతకాలం నేను ఆయన్ను మనసారా ద్వేషించాను. ఆ తరువాత ఆయనకన్నా ఆత్మీయుడైన సహచరుడు నా వృత్తిజీవితంలో మరొకరు లేకపోయారు. ఈ రెండింటికీ నడుమ జరిగిందే ఆయన జీవితంలోని మహోన్నత ఘట్టం, మహావిషాదమూ అదే. పత్రికల్లో వచ్చిన నాలుగు వాక్యాల్లో దాని ప్రస్తావన లేదు. అందువల్ల ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

చంద్రమౌళి గారిది కొల్లిపర ప్రాంతంలో తరతరాలుగా భూవసతి కలిగిన కర్షక కుటుంబం. చిన్ననాటినుంచీ చదువు మీద అపారమైన శ్రద్ధ. న్యాయవాదిగా కొద్దికాలమే ఉండి, పరీక్ష రాసి న్యాయాధికారి అయ్యారు. నిజాయితీ విషయంలో ఆయనది అగ్నిహోత్రంలాంటి నిష్ఠ. ఒకసారి సొంతూరినుంచి దూరపు బంధువొకాయన అరటిగెల తెచ్చి, ఈయన ఇంట్లో లేని సమయంలో వరండాలో పెట్టి వెళ్ళాడు. ఈయన వచ్చి చూసి, ఆ గెలను రిక్షాలో వేయించి, బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్న ఆ బంధువు చేతికే తిరిగి అప్పగించారు. చుట్టాలు తెచ్చిన పండ్లు కూడా తినకూడదా అని ఆయన సతీమణి చిన్నబుచ్చుకుంటే, "రేపు ఆయనకు కేసుండదని నీకేమన్నా మాటిచ్చాడా?" అన్నారట. ఈ కథ ఆమే నాకు నవ్వుతూ చెప్పారు.

న్యాయస్థానంలో ఆయన స్వరం పెంచి మాట్లాడగా నేను వినలేదు. వృద్ధులు సాక్ష్యానికి వస్తే కుర్చీ వేయించేవారు. సాక్షి తడబడితే మంచినీళ్ళు ఇప్పించి, తేరుకున్నదాకా ఆగేవారు. జూనియర్లు తప్పు సెక్షన్ చెప్పినా అవమానించకుండా సవరించేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అన్యాయమైన తీర్పు అనగానే మన మనోనేత్రం ముందు లంచగొండి, క్రూరుడు, సోమరి అయిన ఒక మూర్తి సాక్షాత్కరిస్తుంది. చంద్రమౌళి గారు ఈ మూడింటిలో ఏదీ కారు. తరువాతి కాలంలో ఆయనే అనేవారు: "దుర్మార్గుడి పక్షపాతానికి ఎక్కడో ఒకచోట భయం ఉంటుందమ్మా. మంచివాడి పక్షపాతానికి భయమే ఉండదు. వాడికి తనమీద తనకు అనుమానం రాదు."

ఇక ఆ కేసు. ఊరి పేరు, కోర్టు పేరు రాయను. అందులో ఉన్నవాళ్ళు కొందరు ఇంకా జీవించి ఉన్నారు. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ వరిచేలు తగ్గిపోయి రొయ్యల చెరువులు మొదలవుతాయి. అక్కడ శివరామయ్య అనే ఆసామి చెరువులకు ఏడుకొండలు అనే యానాది కాపలాదారు. భార్య అంకమ్మతో కలిసి చెరువుగట్టు మీద పాకలో ఉండేవాడు. ఒక ఉదయం శివరామయ్య తల పగిలి గట్టు మీద శవమై కనిపించాడు. పాకలో కాపలాదారు లేడు. యానాదివాడు, యజమాని చచ్చాడు, వాడు కనబడటం లేదు. ఊరికి ఇంకేమీ అక్కరలేకపోయింది.

ఏడుకొండలు దొరికింది బాపట్లలో. శివరామయ్య శవం కనిపించడానికి ముందురోజు అక్కడ అంకమ్మ తండ్రి చనిపోయాడు. కబురు అందగానే అంకమ్మ వెళ్ళింది. ఏడుకొండలు సందెవేళ దాకా ఆగి, చెరువు దగ్గరికి వచ్చిన యజమానిని సెలవడిగాడు. రొయ్య పట్టుబడికి వచ్చిన సమయంలో చెరువు వదిలి పోతావా అని ఆయన తిట్టాడు. ఇతను కూడా మాటకు మాట అన్నాడు. అని, చెరుకుపల్లి మీదుగా బస్సెక్కి బాపట్ల వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా మామ శవం దగ్గర కూర్చున్నాడు, తెల్లవారాక పాడె మోశాడు. చిన్నదినం నాడు పోలీసులు వెళ్ళి ఆ బంధువుల మధ్యనుంచే పట్టుకొచ్చారు. మామగారి కర్మల దగ్గర కూర్చున్న మనిషిని పరారీలో ఉండగా పట్టుకున్నామని కాగితాల్లో రాశారు.

ప్రాసిక్యూషన్‌కు ఉన్న బలమంతా రెండు సంగతులు. శివరామయ్య తమ్ముడు సందెవేళ గట్టు మీద ఇద్దరూ గొడవపడటం చూశానన్నాడు. చెరువు పక్క జమ్ములో ఒక ఇనుపరాడ్డు దొరికింది, అది ఏడుకొండలే చూపించాడన్నారు. న్యాయసహాయం కింద ముద్దాయి తరఫున నన్ను నియమించారు. నేను చేసిన వాదంలో మేధాశక్తి ఏమీ లేదు, అంతా సాక్షులు చెప్పిందే. హతుడి భార్య తన సాక్ష్యంలో, భర్త ఇంటికి వచ్చి అన్నం తిన్నాడనీ, తిన్నాక ఎవరో ఫోన్ చేస్తే టార్చిలైటు తీసుకొని మళ్ళీ బయటికి వెళ్ళాడనీ చెప్పింది. శవపరీక్ష చేసిన డాక్టర్ జయానందం గారు, కడుపులో అన్నం దాదాపు అరగకుండానే ఉందనీ, భోజనం చేసిన గంట రెండు గంటల్లో ప్రాణం పోయి ఉంటుందనీ చెప్పారు. సందెవేళ గొడవ నిజమే. కానీ చావు దాని తరువాత, ఇంటికి వచ్చి అన్నం తిన్న తరువాత. ఆ సమయానికి ఏడుకొండలు బాపట్లలో శవజాగరణలో ఉన్నాడు. అంకమ్మ, ఆమె అన్న బోనెక్కి ఆ మాటే చెప్పారు. అన్నం తిన్నాక ఫోన్ చేసిందెవరు? ఆ ఫోన్‌ను పోలీసులు పరిశీలించనే లేదు. ఈ ప్రశ్నను నేను న్యాయస్థానం ముందుంచినప్పుడు చంద్రమౌళి గారు శ్రద్ధగా విన్నారు, తలూపారు, రాసుకున్నారు. గెలుస్తామనుకున్నాను.

తీర్పు యావజ్జీవం. అంకమ్మ, ఆమె అన్న ముద్దాయికి దగ్గరివాళ్ళు కనుక వాళ్ళ సాక్ష్యం నమ్మదగింది కాదు. హతుడి తమ్ముడు సహజమైన సాక్షి, అబద్ధమాడవలసిన అవసరం లేనివాడు. మరణ సమయం గురించి వైద్యుడు చెప్పేది ఉజ్జాయింపు మాత్రమే. ఫోన్ సంగతి తీర్పులో ఎక్కడా లేదు. హైకోర్టుకు అప్పీలు వేశాం. అది కూడా పోయింది. ఏడుకొండలు జైల్లో ఉండిపోయాడు. చంద్రమౌళి గారు సగౌరవంగా పదవీవిరమణ చేసి తెనాలిలో స్థిరపడ్డారు.

కొన్నేళ్ళ తరువాత బాపట్లలో ఒక పెళ్ళి విందులో ఆయనా, అప్పటికి ఉద్యోగ విరమణ చేసిన జయానందం గారూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నారు. మాటల మధ్య డాక్టరు గారు, నిందాపూర్వకంగా కాదు, ఉబుసుపోకకే అన్నారట: ఆ రొయ్యల చెరువు కేసులో కడుపులో అన్నం గురించి నేను చెప్పింది మీకు నచ్చినట్టు లేదండీ, అని. చంద్రమౌళి గారికి కేసు గుర్తుంది, ముద్దాయి గుర్తున్నాడు, రాడ్డు గుర్తుంది. అన్నం మాట గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. విస్తరి ముందునుంచి సగంలో లేచి వచ్చేశారు.

మర్నాడు ఉదయం ఆయన అంగలకుదురులోని మా ఇంటి ముందు ఆటో దిగారు. మా నాన్న బడిపంతులుగా చేసిన మనిషి. జడ్జీ గారంతటివారు గుమ్మంలో నిలబడితే కంగారుపడి చొక్కా కోసం లోపలికి పరుగెత్తాడు. ఆ కేసు కాగితాలు మీ దగ్గరున్నాయా అమ్మా, ఒకసారి చూస్తాను, అన్నారు చంద్రమౌళి గారు. ఇచ్చాను. నా మనసులో కోపం తప్ప ఏమీ లేదు. ఆయన మా వసారాలో కూర్చొని మధ్యాహ్నం దాకా చదివారు. అన్నం తినమంటే వద్దన్నారు. చివరికి నన్ను పిలిచి తన తీర్పులో రెండు పేరాలు పైకి చదివారు. ఒకటి అంకమ్మను ఎందుకు నమ్మలేదో చెప్పింది, రెండోది హతుడి తమ్ముణ్ణి ఎందుకు నమ్మారో చెప్పింది.

"ఇద్దరూ బంధువులే కదమ్మా," అన్నారు. "ఒకే చుట్టరికం. అది ఒకరికి కళంకమెలా అయింది, ఇంకొకరికి యోగ్యత ఎలా అయింది?"

ఆయన అడిగింది నన్ను కాదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. నా కోపం ఆ రోజే పోయిందని చెప్పను. తగ్గడం మాత్రం ఆ వసారాలోనే మొదలైంది.

ఆ దినం మొదలు ఆయన ఒకే పని మీద ఉన్నారు. తీర్పు మీద సంతకం చేసిన క్షణంలోనే ఆ కేసుకు న్యాయమూర్తి పరాయివాడవుతాడు. దాన్ని మళ్ళీ ముట్టుకొనే అధికారం అతనికి ఉండదు. ఈ నియమం ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అయినా తిరిగారు. పెద్ద న్యాయవాదుల ఇళ్ళకు వెళ్ళారు, తనతో పనిచేసినవాళ్ళను కలిశారు, అధికారుల గదుల బయట బెంచీల మీద కూర్చున్నారు. ఒకప్పుడు తాను లోపలికి వస్తుంటే లేచి నిలబడిన గుమాస్తాలు, సార్ మీటింగులో ఉన్నారండి, రేపు రండి, అని చెబుతుంటే తలూపి కూర్చునేవారు. చాలామంది ఆయన్ను వయసు మీద పడి మనసు చెదిరిన మనిషిగా చూశారు. సొంత తమ్ముడు, "పరువుగా రిటైరయ్యావు, పరువుగా ఉండు" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సంగం జాగర్లమూడిలో ఒక పాత న్యాయవాదిని కలిసి, ఆయన దగ్గరా కాదనిపించుకొని, కాలవ గట్టు వెంట నడిచి వస్తున్నాం. చంద్రమౌళి గారు తన చిన్ననాటి సంగతి చెప్పారు. వాళ్ళింట్లో ఒక వెండి చెంబు పోయింది. నిమ్మతోటకు కాపలా ఉండే పోలయ్య అనే యానాదిని గొడ్లచావిట్లో గుంజకు కట్టి కొట్టారు. అతను ఒప్పుకోలేదు. తోటలోంచి వెళ్ళగొట్టారు. మరుసటి ఎండాకాలం బావి పూడిక తీయిస్తే చెంబు దొరికింది. పిల్లవాడైన చంద్రమౌళి నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, పోలయ్యకు చెబుదామా అని అడిగాడు. ఆమె చెడ్డ మనిషి కాదు, ఎందరికో అన్నం పెట్టిన ఇల్లాలు. ఆమె అన్నదట, వీడు కాకపోతే వీడి తమ్ముడు, ఎప్పుడో ఏదో తీసే ఉంటాడులేరా.

తరువాత చంద్రమౌళి గారు అన్నారు: "ఇంట్లో ఏది పోయినా మావాళ్ళు ముందు యానాదుల గూడెం వైపు చూసేవాళ్ళమ్మా. ఆ చూపు నాతోపాటే చదువుకుంది, నాతోపాటే బెంచీ ఎక్కింది. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. దానితోనే అన్నీ చూశాను."

జైలుకు వెళ్ళి ఏడుకొండల్ని చూడాలని ఆయన పట్టుబట్టారు. నేను వద్దనే అన్నాను. అనుమతి తీసుకొని ఇద్దరం వెళ్ళాం. ఏడుకొండలు బాగా చిక్కిపోయాడు, మాట్లాడితే దగ్గు. నన్ను చూసి నవ్వాడు, అంకమ్మ ఎట్టా ఉందని అడిగాడు. పక్కనున్నది ఎవరో గుర్తుపట్టగానే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చంద్రమౌళి గారు ఆ కట్టుకున్న చేతులు చూశారు. నువ్వు చంపలేదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలియవలసింది, తప్పు నాది, అని చెప్పారు. ఏడుకొండలు ఆయనవైపు కాక నావైపు తిరిగి, వదిలేస్తారామ్మా అని అడిగాడు. ఆ అధికారం ఆయనకు లేదు, పైవాళ్ళను అడుగుతున్నాం, అని చెప్పాను. అతను ఆలోచించి,

"మరి ఇప్పుడు నాకెందుకు చెప్పారండీ?" అన్నాడు.

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగాడు. తిరిగి వస్తున్నప్పుడు రైల్లో చంద్రమౌళి గారు తెనాలి దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

శివరామయ్య భార్య దగ్గరికి కూడా వెళ్ళాం. ఆ రాత్రి ఫోన్ ఎవరు చేశారో ఆమెకు తెలిసి ఉండవచ్చునన్న చివరి ఆశ. ఆమె కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది. విషయం చెప్పగానే ముఖం మూసుకుపోయింది. "మా ఆయన్ని చంపినోడికి శిక్ష పడిందన్నారు, ఆ మాట పట్టుకొని బతుకుతున్నానండి. మళ్ళీ ఎందుకు తవ్వుతారు?" అంది. అంతకుమించి ఆమెను అడగడం ధర్మం కాదనిపించింది. వీధిలోకి వచ్చాక చంద్రమౌళి గారు, ఈ తల్లికి కూడా నేను న్యాయం చేయలేదు, చేసినట్టు నమ్మించాను, అన్నారు. ఆ ఫోన్ చేసినవాడెవడో, అతని ఇల్లు మేం నడిచి వచ్చిన ఆ వీధిలోనే ఉందో లేదో, మాకు ఎప్పటికీ తెలియలేదు. ఫోన్ కంపెనీవాళ్ళు అంత పాత వివరాలు తమ దగ్గర ఉండవన్నారు.

ఆఖరి కోర్టు దాకా వెళ్ళాం. కింది రెండు న్యాయస్థానాలూ ఏకాభిప్రాయంతో తేల్చిన విషయంలో జోక్యం అక్కరలేదని కొద్ది నిమిషాల్లో తేలిపోయింది. ఆ రెంటిలో మొదటి అభిప్రాయం చెప్పిన మనిషి నా పక్కనే నిలబడి ఉన్నారని అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినా లాభం లేదు. క్షమాభిక్ష దరఖాస్తు పెట్టాం. దానికి జవాబు రాకముందే ఏడుకొండలు ఊపిరితిత్తుల జబ్బుతో జైలు ఆసుపత్రిలో చనిపోయాడు.

శవాన్ని బాపట్ల తీసుకొచ్చి, అంకమ్మ పుట్టింటివాళ్ళ పేటలో దించారు. నేను వెళ్ళాను. వద్దని ఎంత చెప్పినా చంద్రమౌళి గారు వచ్చారు. దూరంగా, చెప్పులు విడిచి నిలబడ్డారు. ఎవరో చూసి అంకమ్మకు చెప్పారు. ఆమె లేచి వచ్చింది. తిడుతుందేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆమె తిట్టలేదు.

"అయ్యా, మా నాయన శవం కాడ రాత్రంతా నా పక్కనే కూచున్నాడని కోర్టులో చెప్పాను గదా. మీరు రాసుకున్నారు కూడా. రాసుకొని ఎందుకు నమ్మలేదు?"

నేను ఎన్నో తీర్పులు చదివాను. కారణం ఇంత సూటిగా చెప్పిన తీర్పు చదవలేదు. చంద్రమౌళి గారు తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తూ అన్నారు:

"చెప్పింది నువ్వు కాబట్టి నమ్మలేదమ్మా."

అంకమ్మ ఆ మాట విని తల పంకించి, వెళ్ళి శవం పక్కన కూర్చుంది. ఆయన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. ఖననం అయ్యేదాకా ఆయన అదే చోట ఎండలో నిలబడ్డారు.

అటుపిమ్మట ఆయనకు మిగిలింది మాట ఒక్కటే. యువ న్యాయవాదుల సభలకు పిలిస్తే వెళ్ళేవారు. రేపల్లెలో ఒకసారి, బాపట్లలో ఒకసారి మాట్లాడారు. సన్మానాలు, శాలువాలు వద్దని, నేరుగా ఈ కేసు చెప్పేవారు, ఊరి పేరు లేకుండా, తన పేరు దాచకుండా. "ముద్దాయి పేరు చెరిపేసి అక్కడ మీ అన్న పేరు పెట్టుకొని సాక్ష్యం మళ్ళీ చదవండి. అప్పుడు కూడా నేరం రుజువైనట్టే కనిపిస్తే శిక్ష వేయండి" అనేవారు. బాపట్లలో ఒక యువకుడు లేచి, అలా చదివితే ఎవరికీ శిక్షలు పడవు కదా సార్, అన్నాడు. సభ నవ్వింది. ఆయన నవ్వలేదు. "సందెవేళ గొడవ చూశామన్నారు, నేను రాత్రి చావును చూశాననుకున్నాను. అంత తేలిగ్గా పడింది ఆ శిక్ష" అన్నారు. నవ్వు ఆగిపోయింది. క్రమేణా ఆహ్వానాలూ ఆగిపోయాయి. వేదిక మీద తన తప్పు చెప్పుకొనే పెద్దమనిషి పక్కన కూర్చోవడం మిగతా పెద్దమనుషులకు ఇబ్బంది.

చివరి రెండేళ్ళూ ఆయన ఇల్లు కదల్లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక నేను వెళ్ళి కూర్చునేదాన్ని. జయానందం గారు వచ్చేవారు. చంద్రమౌళి గారు కొత్త కేసుల గురించి అడిగేవారు కానీ, ఆశగా అడిగేవారు కాదు. మారుతుందంటారా సార్ అని నేనొకసారి అడిగితే, "నాలో మారడానికి ఒక మనిషి ప్రాణం ఖర్చయింది. అదీ అతనికి పనికిరాకుండా మారింది. ఇంక లోకం సంగతి ఏం చెప్పను?" అన్నారు. ఆయన భార్య కాఫీ గ్లాసులు తీసుకుంటూ, అలా అనకండి అన్నారు. ఆయన ఆమె మాట కోసం ఊరుకున్నారు. నమ్మి ఊరుకోలేదు.

మొన్న కోర్టు హాలులో సంతాపసభ జరిగింది. వక్తలు ఆయన నిష్పాక్షికతను శ్లాఘించారు. ఆయన వేసిన శిక్షలను పై కోర్టులు తిరగదోడిన సందర్భాలు అత్యంత అరుదని ఒక సీనియరు సగర్వంగా చెప్పారు. నా వంతు రాగానే లేచి ఏడుకొండల కేసు చెప్పాను, అంకమ్మకు ఆయన చెప్పిన జవాబు చెప్పాను. దిగి వచ్చాక ఆ సీనియరు నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ. పోయినాయన గౌరవం చూడాలి కదా" అని మృదువుగా మందలించారు. ఆయన గౌరవమే చెప్పానండి, అన్నాను. ఆ సీనియరుకు అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నమే వేరొక హత్యకేసులో నేను హాజరయ్యాను. ముద్దాయి చేపలు పట్టుకొని బతికే మనిషి. అతని తరఫు సాక్షులు అతని పేటవాళ్ళే. నేను చెబుతుంటే బెంచీ మీదివారు శ్రద్ధగా విన్నారు, తలూపారు, రాసుకున్నారు. ఆ తలూపడం చూసి నాకిప్పుడు ఆశ పుట్టదు.

చంద్రమౌళి గారు మహాత్ముడని నేననను. ఆయన చేతిలో ఒక నిర్దోషి జీవితం నాశనమైంది. ఏ పశ్చాత్తాపమూ దాన్ని తిరిగి కట్టలేకపోయింది. కానీ న్యాయపీఠం ఎక్కి దిగినవారిలో తన తప్పు వెతుక్కుంటూ తానే జైలు గుమ్మం దాకా నడిచిన మనిషిని నేను మరొకరిని చూడలేదు, చూస్తానన్న నమ్మకమూ లేదు. చట్టం దృష్టిలో ఏడుకొండలు ఈనాటికీ హంతకుడే. మరణంతో శిక్ష ముగిసింది, నింద ముగియలేదు. దాన్ని చెరిపే ద్వారం ఏదీ నాకు తెలియదు. ఆ విఫలయత్నానికీ, దాన్ని ఆఖరి శ్వాస దాకా విడువని ఆ నిష్ఠకూ శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

ఈ వార్త అంకమ్మకు నేనే స్వయంగా చెప్పాలనుకొని నిన్న బాపట్ల వెళ్ళాను. పేట పక్క చేలో మినుము పీకుతోంది. గట్టు మీదికి పిలిచి, జడ్జీ గారు పోయారమ్మా అని చెప్పాను. చేతికంటిన మట్టి కొంగుకు తుడుచుకుంది.

"మా ఆయన చంపలేదని చెప్పే పెద్దోళ్ళు ఇంకెవరన్నా ఉన్నారామ్మా?" అని అడిగింది.

లేరన్నాను.